కారుకీ చలేస్తుంది!

కెనడా వెళ్లిన కొత్తలో సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కున్న మనవాళ్లని ఓ వింత పలకరిస్తుంటుంది. కారు ముందు భాగంలో, గ్రిల్ సందులోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది. పెట్రోలు బండికి ప్లగ్గేమిటి?

అది ఇంజిన్ బ్లాక్ హీటర్ తాలూకు వైరు. బకెట్లో నీళ్లు కాచుకునే హీటరు రాడ్డుకి తమ్ముడనుకోండి. ఇంజిన్‌లోని కూలెంట్‌ని వేడిచేస్తుంది. అమెరికాలోని నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇలాంటి హీటరుకి 1949లోనే పేటెంటు పొందాడు.

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకి చేరువైతేనే మనకి పెద్ద వార్త. విన్నిపెగ్‌లో జనవరి రాత్రి మైనస్ 20 మామూలే. ఆ చలికి ఇంజిన్ ఆయిల్ ఆముదంలా చిక్కబడుతుంది. ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. సరిగ్గా అప్పుడే బ్యాటరీ నీరసించిపోతుంది. తెల్లారి ఆఫీసుకి బయల్దేరితే బండి రెండు మూలుగులు మూలిగి ఊరుకుంటుంది. డీజిల్ బండికైతే ఇంకా కష్టం. దానికి స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడితోనే ఇంధనం మండాలి.

కూలెంట్ గడ్డకట్టకుండా చూసేది ఈ హీటరే అనుకుంటారు చాలామంది. కాదు. ఆ పని యాంటీఫ్రీజ్‌ది. నీళ్లతో సగానికి సగం కలిపితే మైనస్ 35 దాకా దానికి ఢోకా లేదు.

మరి హీటరు అందరికీ అవసరమా? అబ్బాయి వాంకూవర్‌లో ఉంటే దాని ఊసే అక్కర్లేదు. టొరంటోలోనూ అవసరపడే రోజులు తక్కువే. ఎడ్మంటన్, సస్కటూన్ లాంటి చోట్ల మాత్రం ఉండాల్సిందే. మైనస్ 15 దాటితే ప్లగ్గు పెట్టడం మంచిదన్నది అక్కడ వాడుకలో ఉన్న లెక్క. కొత్త పెట్రోలు కార్లు, పల్చటి సింథటిక్ ఆయిల్‌తో, అంతకన్నా చలిలోనూ స్టార్టవుతాయి. కానీ స్టార్టవడం వేరు, ఇంజిన్ అరగకుండా స్టార్టవడం వేరు. మైనస్ 20లో హీటరు వాడితే ఇంధనం పదిశాతం దాకా ఆదా కావచ్చని కెనడా ప్రభుత్వ సహజవనరుల శాఖే చెబుతోంది.

అన్నట్టు, టీవీలో చెప్పే 'విండ్ చిల్' చూసి కంగారుపడనక్కర్లేదు. గాలి వీస్తే ఇంజిన్ త్వరగా చల్లబడుతుందంతే. అసలు ఉష్ణోగ్రత మైనస్ 25 అయితే అంతకన్నా కిందికి పోదు.

రాత్రంతా ప్లగ్గు పెట్టి ఉంచడం మాత్రం దండగ. 400 వాట్ల హీటరు పదిగంటలు వాడితే నాలుగు యూనిట్లు ఖర్చు. బయల్దేరడానికి రెండు గంటల ముందు వేస్తే చాలు, ఒక యూనిట్ కూడా కాలదు. తెల్లవారుజామున చలిలో ఎవరు లేస్తారంటారా? టైమరుంది. ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం ఆరుబయట వాడేందుకు తయారుచేసిందే కొనాలి. ఇంట్లో వాడే పల్చటి వైరు చలికి బిరుసెక్కి చిట్లుతుంది, వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

ఇక మతిమరుపు సంగతి. ప్లగ్గు తీయకుండానే బండి కదిలించి, వైరుని తోకలా ఈడ్చుకుపోయేవాళ్లు ప్రతి శీతకాలంలోనూ ఉంటారు. అందుకే కొందరు రాత్రి ప్లగ్గు పెట్టేటప్పుడే ఆ వైరుని డ్రైవరు వైపు అద్దానికి ఓ చుట్టు చుట్టి వెళ్తారు!