శిక్షకు మారుగా కాలపాఠము

అమెరికా దేశపు కోర్టులలో, స్వల్పాపరాధము చేసి ప్రొబేషన్‌పై విడుదలయైన వానికి, సత్ప్రవర్తనతో మెలగవలెనను నిబంధనతోపాటు, క్రోధనిగ్రహమునో, చౌర్యనివారణమునో, సమయపాలనమునో బోధించు తరగతి నొకదానిని పూర్తిచేయుమని ఆదేశించుట పరిపాటి. ఆ తరగతి యిప్పుడు పలుచోట్ల ఆన్‌లైన్‌లోనే జరుగుచున్నది. రుసుము చెల్లించి, నిర్ణీతమైన గంటలు తెర ముందు గడపి, కడపట లభించిన సర్టిఫికెట్టును అధికారికి సమర్పించినచో నిబంధన నెరవేరినట్లే. మన దేశమున ఈ యాచారమింకను వేళ్ళూనలేదు గాని, దానికి మన చట్టమున అవకాశము ఏనాటినుండియో కలదు గనుక, తిరుపతి, చిత్తూరు కోర్టులలో రేపు ఇట్టి యుత్తరువు వెలువడినచో అది యేరీతిగ నుండవలెనో ముందుగనే యోచించుట మేలు.

చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో నున్ననాడే, 1936 సంవత్సరపు మద్రాసు ప్రొబేషన్ చట్టము మూలమున ఈ పద్ధతి మన ప్రాంతమునకు పరిచితమైనది. పిమ్మట 1958లో పార్లమెంటు చేసిన ప్రొబేషన్ చట్టము, నేరము రుజువైన వానిని మూడేండ్లకు మించని గడువుతో బాండు వ్రాయించుకొని విడుచుటకును, అవసరమని తోచినచో ఒక్క యేడాదికి తక్కువ గాకుండ ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణమున నుంచుటకును న్యాయమూర్తికి అధికార మొసగినది. నివాసము, మద్యవర్జనము మాత్రమే గాక, మరల నేరము జరుగకుండుటకు తగినదని తోచిన మరియే విషయమునైనను నిబంధనగా చేర్చవచ్చునని నాలుగవ సెక్షను చెప్పుచున్నది. సమయపాలనమును నేర్పు కాలపాఠమును ఆ మాట క్రిందనే విధింపవచ్చును. పదునారేండ్ల బాలుని కేసులో 1964లో సుప్రీంకోర్టు ఈ చట్టమును ఉదారముగా వ్యాఖ్యానించినపుడు తీర్పు వ్రాసినవారు మన కోకా సుబ్బారావుగారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినపుడు దానికి ఛాన్సలరుగా నుండినవారును వారే. ఇరువదియొక్క యేండ్లు నిండని వానిని జైలుకు పంపవలెనన్నచో న్యాయమూర్తి అందులకు కారణము వ్రాయవలసినదే యను నియమము వెనుక గల కరుణను వారు లెస్సగ గ్రహించిరి.

సమయపాలనమును నేర్చుకొమ్మని కోర్టు కోరుట తప్పని నేననను. పనికి వేళకు పోనివాడు పని పోగొట్టుకొనును, పని లేనివానికి సాయంకాలములు బరువగును, ఆ సాయంకాలములలోనే పెక్కు కొట్లాటలు, చిల్లర దొంగతనములు పుట్టుచున్నవి. కాని యెవని కాలమును ఎవడు పాలించుచున్నాడను ప్రశ్న ముందు తేలవలెను. ఏ మేజిస్ట్రేటు కోర్టు వరండాలోనైనను ఒక పూట నిలిచి చూడుడు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, ఆనాటి కూలి వదలుకొని వచ్చినవాడు, పదిన్నరకు పిలుపులు మొదలగునని తలుపు చెంతనే నిలుచుండును. బంట్రోతు పేర్లు ఒక్కొక్కటి మూడుమారులు కేకవేయుచుండ, తన పేరు రాకయే మధ్యాహ్నము దాటును. సాయంకాలమున వకీలు గుమాస్తా వచ్చి, వాయిదా పడినదని చెప్పి, మరియొక తేదీని చీటిపై వ్రాసి యిచ్చును. ఆ చీటిని మడచి చొక్కా జేబులో పెట్టుకొన్నవాడు తదుపరి వాయిదాకు వచ్చి టీ త్రాగుటకు పోయిన ఐదు నిమిషములలో తన పేరు పిలిచినచో వారంటు బయలుదేరును. ఇట్టివానికి కాలము విలువ నెరుగవని పాఠము చెప్పుటకు ముందు మన వ్యవస్థ కొంత తలవంచుకొనవలసియున్నది.

తిరుపతి రైల్వే స్టేషను ముందు రాత్రులందు ఆటో నడపువాని దినచర్యను రైళ్ళును, అలిపిరికి చీకటితోనే బయలుదేరు యాత్రికులును నిర్ణయించుచున్నారు; అతడు నిదురించునది పట్టపగలు. చిత్తూరు చుట్టుపట్ల జూన్, జూలై మాసములలో తోతాపురి మామిడి దిగినప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి రాత్రింబవళ్ళు కాచుకొనియుండగా, లోపల కాయలు కోయు స్త్రీలు షిఫ్టు ఎప్పుడు ముగియునో ముందుగ చెప్పలేరు. ఉదయము ఐదింటికి లేచి ఆనాటి పనుల పట్టిక వ్రాసికొనుమను పాఠము వీరికి ఏమి యుపకరించును? ఆఫీసు ఉద్యోగి కొరకు కూర్చిన పాఠమది. అందును ఇంగ్లీషులో నున్నచో చెప్పవలసిన పనియే లేదు.

ఆన్‌లైన్ పద్ధతిలోని మేలును కాదనరాదు. కుప్పమునుండి చిత్తూరునకు సుమారు నూరు కిలోమీటర్లు. ఒక గంట తరగతికై ఒక దినపు కూలి పోకుండ చేయు సాధనమేదైనను పేదవానికి ఉపకారమే. అయినను అనేకములైన యిట్టి తరగతులలో తరువాతి పుటకు పోవు గుర్తు నిర్ణీత నిమిషములు గడచిన పిమ్మటగాని వెలుగదు. ఫోనును గూటిలో నిలిపి తన పని తాను చూచుకొన్నను ఆ నిమిషములు గడచును. అప్పుడు కోర్టు చేతికి వచ్చిన సర్టిఫికెట్టు ఫోను వెలిగియున్న కాలమునకు సాక్ష్యమే గాని మనిషిలోని మార్పునకు కాదు. 2024 మే నెలలో పూనాలో ఇద్దరి ప్రాణములు తీసిన కారు కేసులో, రోడ్డు ప్రమాదములపై 300 మాటల వ్యాసము వ్రాయుమని బాలన్యాయ మండలి బెయిలు నిబంధన పెట్టినపుడు దేశమంతయు మండిపడినది. నేరమునకును పాఠమునకును పొంతన కుదరనిచో, పాఠమును చూచియే జనులు రోసిపోదురు. హైదరాబాదులో త్రాగి వాహనము నడపినవారిని కుటుంబసభ్యునితో కూడ ట్రాఫిక్ శిక్షణ కేంద్రమునకు రప్పించి కౌన్సెలింగ్ జరుపు పద్ధతి ఇంతకంటె మేలైనది. అచ్చట భార్యయో తండ్రియో ప్రక్కన కూర్చుండి వినుచున్నారు.

ప్రొబేషన్‌కు ఆద్యుడని చెప్పబడు జాన్ ఆగస్టస్ బోస్టన్ నగరమున చెప్పులు కుట్టి జీవించినవాడు. 1841లో ఒక త్రాగుబోతునకు తానే జామీను నిలిచి, అతనిని వెంట తీసికొనిపోయి, మూడు వారముల పిమ్మట మరల కోర్టునకు తెచ్చినపుడు ఆ మనిషిని గుర్తుపట్టుటయే కష్టమైనదట. న్యాయమూర్తి ఒక్క సెంటు జరిమానాతో విడిచిపుచ్చెను. ఆ మూడు వారములును ఆగస్టస్ ఆ మనిషికై వెచ్చించినవి. మన చట్టపు పదునాలుగవ సెక్షను ప్రొబేషన్ అధికారికి అప్పగించిన పనియు అట్టిదే: విచారించుట, పర్యవేక్షించుట, పని దొరకుటకు తోడ్పడుట, సలహా చెప్పి చేయూత నిచ్చుట. సర్టిఫికెట్టు వచ్చినదని ఆ యధికారి ఫైలు మూసినచో కోర్టు తెచ్చుకొన్న సౌలభ్యము ప్రొబేషన్ ప్రాణమునే హరించును.

కావున కాలపాఠమును విధించు న్యాయమూర్తి మొదట ఆ మనిషి యొక్క ఒక దినమును అతని నోటనే వినవలెను. పాఠము తెలుగులో నుండవలెను, రుసుము ప్రభుత్వమే భరింపవలెను; ప్రతి భాగము ముగిసిన పిమ్మట ప్రొబేషన్ అధికారి ఫోనులోనైనను పది నిమిషములు అతనితో మాటాడి, ఈ వారము పనికి వేళకు పోగలిగితివా, పోలేకున్నచో అడ్డమేమని యడుగవలెను. సిగ్నలు లేకయో, ఫోను చెడియో గడువు దాటినంతనే నిబంధన నుల్లంఘించెనని వానిని బోనెక్కించుట న్యాయము కాదు. తొమ్మిదవ సెక్షను సైతము తొలి తప్పిదమునకు ఏబది రూపాయలకు మించని జరిమానాతో సరిపుచ్చి బాండును కొనసాగనిచ్చుటకు వీలు కల్పించినది. మామిడి ఋతువు వచ్చి షిఫ్టులు తారుమారైనచో పాఠపు వేళలను మార్చుమని ప్రొబేషన్ అధికారియే కోర్టును కోరవచ్చును. ఎనిమిదవ సెక్షను అందులకే యున్నది, అధికారి ఒక్క దరఖాస్తు వ్రాసినచో చాలును.