తెగులు మనిషికి కూడా వస్తది

ఈసారి పోస్టు పురుగుమందుల గురించి కాదు, యార్డు రేటు గురించీ కాదు. కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

మిరపలో ఆకుముడత కనబడితే మనం ఏం చేస్తాం? ఆకు తిప్పి చూస్తాం, ఫోటో తీసి గ్రూపులో పెడతాం, పక్క చేను రైతుని పిలిచి చూపిస్తాం. అదే ఇంట్లో మనిషి పది రోజుల నుంచి మంచం దిగకపోతే తలుపు దగ్గరికేసి ఎవరికీ తెలియకూడదనుకుంటాం. నేనూ అంతే చేశాను, అందుకే చెప్తున్నా.

2021లో నల్ల తామర పురుగు వచ్చిన సంగతి మీ అందరికీ గుర్తుంది. నాకు సొంతం ఎకరం, కౌలు ఎకరంన్నర. పూతలో చేరి పూతంతా పాడుచేసింది, ఏది కొట్టినా ఆగలేదు. చివరికి తోట పీకించి మొక్కజొన్న వేశాం. పీకిన రోజు నాకేమీ అనిపించలేదు, ఏడుపు కూడా రాలేదు. తరవాత మొదలైంది. రాత్రి మూడింటికే మెలకువ. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. పొలం వైపు కాలు పడదు. ఫోన్ మోగితే అప్పులాయనేమో అని గుండె దడ. మా ఆవిడ పలకరించినా కసిరేవాణ్ణి. ఒంట్లో నీరసం అనుకుని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రెండుసార్లు గ్లూకోజ్ సీసా ఎక్కించుకున్నా. డబ్బులు పోయాయి గానీ నీరసం పోలేదు.

చూడ్డానికి వచ్చినోళ్లందరిదీ ఒకటే మాట: "ధైర్యంగా ఉండు, నీకొక్కడికే పోయిందా, మనసు గట్టి చేసుకో." మంచికే అన్నారు, కాదనను. కానీ ఎండకి వాడిపోయిన నారుని నిటారుగా నిలబడమని కేకేసినట్టుంది నాకు. ఆ మాట విన్నాక నాకు ధైర్యం రాలేదు, సిగ్గు వచ్చింది. దయచేసి ఎవరితోనూ అలా అనకండి.

నన్ను లేపింది మా బావమరిది. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు తెల్లారి ఐదున్నరకి వచ్చి, "లెగు బావా, మేజర్ కట్టదాకా పోయొద్దాం" అన్నాడు. రానన్నాను. మంచం పక్కన కూర్చుని టీ తాగి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. మూడోరోజు, ఇతన్ని వదిలించుకుంటే చాలని లేచాను. కట్ట మీద అరగంట నడిచాం. తోట ఊసెత్తలేదు, అప్పు ఊసెత్తలేదు. వారం అలా తిరిగాక ఒకరోజు ఇంటికొచ్చి నేనే అన్నం అడిగి తిన్నా.

నాకు అర్థమైంది ఏంటంటే, మనసు బాగుపడ్డాక పని చేద్దాంలే అని కూర్చుంటే ఆ రోజు రాదు. చిన్న పని ఏదో ఒకటి మొదలెడితే మనసు వెనకాల నెమ్మదిగా వస్తది. ఎకరం దున్నక్కర్లేదు. స్నానం చెయ్యడం, గేదెకి మేత వెయ్యడం, కాసేపు ఎండలో కూర్చోవడం, ఆ రోజుకి అదే లెక్క. గేదె విషయం నవ్వులాటకి అనట్లేదు. దానికి మన మనసుతో పనిలేదు, టైముకి అరుస్తుంది, లేవక తప్పదు.

ఇంకోటి, అప్పు కాగితం మీద రాయడం. తలలో ఉన్నన్నాళ్లూ అది కొండంత. ఒకరోజు మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని సొసైటీది ఎంత, బయట వడ్డీది ఎంత, పురుగుమందుల కొట్టుది ఎంత అని అంతా రాశాం. 4 లక్షల 30 వేలు తేలింది. తక్కువేం కాదు. కానీ ముందు ఏది కట్టాలో, ఎవరిని గడువు అడగాలో తెలిసింది. ఆమెకి తెలియకుండా దాచిన 60 వేలు కూడా అందులో ఉంది. తిట్టింది. తిట్టాక ఇద్దరం ఆ రాత్రి నిద్రపోయాం.

మందు సంగతి మీకు చెప్పేంతవాణ్ణి కాదు, నేనూ తాగాను. తాగితే నిద్ర పడుతుంది, నడిరాత్రి మెలకువొచ్చి అంతకుముందు కన్నా దిగులు ఎక్కువవుతుంది. రాత్రి పదకొండింటికి గ్రూపుల్లో రేట్లు చూసుకోవడం కూడా అలాంటిదే. ఆ టైములో చూస్తే రేటు పెరగదు కదా.

ఇంట్లో ఆడవాళ్లని కూడా గమనించండి. మనకి రచ్చబండ ఉంది, టీ కొట్టు ఉంది. వాళ్లకి ఏముంది? తలనొప్పి, ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టట్లేదు అని నెలల తరబడి చెప్తుంటే అది ఒంటి జబ్బే కాకపోవచ్చు.

రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, నిద్ర, ఆకలి రాకపోతే డాక్టరుకి చూపించాలి. బతికి ఏం లాభం అనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. స్ప్రే మందులన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. మా ఇంట్లో ఇప్పటికీ అది మా ఆవిడ దగ్గరే. చేలోకి మందు కావాలంటే అడిగి తీసుకుంటా, అందులో నామోషీ ఏం లేదు. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్లది, 2022 అక్టోబరులో పెట్టారు. 24 గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నేనూ చివరికి జిల్లా ఆసుపత్రిలో చూపించుకున్నా. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయాడంటారని బస్సులో ముఖానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నా, ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తది. బిళ్లలు పది రోజులు వేసుకుని, గుణం లేదని మానేశా. డాక్టరు గారు బాగా కోప్పడ్డారు. అవి పనిచెయ్యడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందట, మనంతట మనం మానకూడదట. యూరియా చల్లిన సాయంత్రమే పైరు పచ్చబడలేదని తిట్టుకున్నట్టుంది నా పని.

నడిస్తే అప్పు తీరుద్దా అని కొందరు కామెంటు పెడతారు, నాకు తెలుసు. తీరదు. కౌలు రైతుకి బ్యాంకు అప్పు ఇవ్వాలి, పంట పోతే బీమా రావాలి, దానికోసం అడగాల్సిందే. అడగడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలన్నా మనిషి లేచి నిలబడాలి కదా.

2025లో రేటు పడిపోయినప్పుడు మా బావమరిదే తలుపు తియ్యడం మానేశాడు. ఐదున్నరకి నేను వెళ్లి అరుగు మీద కూర్చున్నా. నాలుగోరోజుకి బయటికొచ్చాడు, చెప్పులు వెతుక్కుంటూ నన్ను తిట్టాడు కూడా. ఇప్పుడు కట్ట మీద ఐదుగురం తిరుగుతున్నాం. మా ఊరోళ్లు ఎవరైనా రావొచ్చు, వచ్చాక టీ మాత్రం ఎవరిది వాళ్లే తాగాలి.