కడబంతి దాకా

చదువవలసిన భాగములు: లూకా 14:12-14, 28-30, యోహాను 2:1-11



ఆ మధ్య ఒక ఆదివారం, పెండ్లి ప్రకటన మొదటిసారి చదివి ఆరాధన ముగించిన తరువాత, పెండ్లికూతురి తండ్రి గుడి వసారాలో నా కోసం కాచుకొని ఉన్నాడు. చేతిలో ఒక కాగితం. పలావు, పొట్టేలు మాంసం, కోడి వేపుడు, గుడ్లు, రెండు తీపి వంటకాలు, ఐస్‌క్రీం అని వరుసగా రాసి ఉంది. ప్లేటుకు 300 రూపాయలని వంట కాంట్రాక్టు వాళ్లు చెప్పారట. 200 మందికి 60 వేలు. ఆయనకున్నది రెండెకరాల వర్షాధారపు చేను. ఆ ఏడు బుడ్డలు సరిగా ఊరలేదు.

"డబ్బు ఎక్కడిదన్నా?" అని అడిగాను.

"రెండు రూపాయల వడ్డీకి మాట్లాడినానయ్యగారూ. నలుగురిలో తలెత్తుకొని తిరగల్ల గదా" అన్నాడు.

రెండు రూపాయల వడ్డీ అంటే 60 వేలకు నెలకు 1,200, సంవత్సరానికి 14,400. రెండేండ్లు వాన మొహం చాటేస్తే వడ్డీయే 28,800 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ముగిసిపోయే భోజనానికి, దాని రుచి కూడా ఎవరికీ గుర్తులేని కాలం దాకా అప్పు తీర్చాలి.

అయితే ఆయనను నేను తప్పు పట్టలేదు. మనది కరువు సీమ. 1876-78 నాటి ధాత కరువు కథలు మన అవ్వల నోట విన్నవాళ్లం. అంతకు పదేండ్ల ముందు, 1866 కరువులో, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు వేలాదిమందికి అన్నం పెట్టారని ఇప్పటికీ మన పల్లెల్లో చెప్పుకుంటారు. ఆకలి తెలిసిన నేల గనుకనే ఇక్కడ అన్నం పెట్టడం అంత గౌరవం. ఆ తండ్రి కోరిక మంచిదే, దారి మాత్రం సరైనది కాదు. అది ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

1996లో మా అక్క పెండ్లి జరిగింది. అప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ణి. మా నాయన 20 వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పొట్టేళ్లు కోయించాడు. వడ్డించడానికి నా చేతికి కూర బక్కెట్టు ఇచ్చారు. మొదటి బంతిలో మామలు, బావలు, పట్నం నుండి వచ్చిన బంధువులు కూర్చున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత గదా! మావాళ్లు మొదటి బంతిలోనే ఉన్నారు, వడ్డించేవాణ్ణి నేనే. గంటె నిండా ముక్కలు వేశాను. వద్దన్నవారికి కూడా వేశాను. మూడో బంతికి డేగిసా అడుగు కనబడింది. నాలుగో బంతికి వట్టి చారు మిగిలింది.

ఆ నాలుగో బంతిలో ఎవరు కూర్చున్నారు? పొయ్యి గుంతలు తవ్వినవారు, తెల్లవారుజామున బోరింగు నుండి నీళ్లు మోసినవారు, ఎంగిలి విస్తర్లు ఎత్తినవారు, గుడి ఊడ్చే అవ్వ. వాళ్లెవరూ ఒక్క మాట అనలేదు. చారన్నం తిని చేయి కడుక్కొని పోయారు. మా నాయన ఆ అప్పు తీర్చడానికి ఆరేండ్లు పట్టింది, పాడి ఆవు పోయింది. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. "ఆ కడబంతికి కూర పెట్టలేకపోతిమే" అని మాత్రం కన్నుమూసేదాకా అనుకున్నాడు. బక్కెట్టు మోసింది నేనే గనుక ఆ మాట నాకింకా బరువుగానే ఉంది.

మా విందులో డబ్బు తక్కువై కూర అయిపోలేదు. లెక్క లేక అయిపోయింది. పక్షపాతం వల్ల అయిపోయింది. గొప్ప విందు చేయమని పేదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువమని ప్రభువు చెప్పింది లూకా 14వ అధ్యాయంలోనే. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకొనడా అని అడిగింది కూడా అదే అధ్యాయంలో. ఈ రెండు మాటలు ఒకే చోట ఉండడం పెండ్లి చేసే తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి.

ఆ తండ్రితో కూర్చొని మేము వేసిన లెక్క మీకూ పనికి వస్తుందని ఇక్కడ రాస్తున్నాను. ధరలు ఊరూరికి మారుతాయి గనుక కొలతలే ఇస్తాను.

మొదటిది, తలలు లెక్కపెట్టండి. కార్డులు లెక్కపెడితే చాలదు. ఒక్కో కార్డుకు ఇంటిల్లిపాది వస్తారు. 50 కార్డులంటే 200 మంది. పేర్లు రాయండి. ఇద్దరు చిన్నపిల్లలను ఒక పెద్దగా లెక్కించండి. వంటవారిని, షామియానా వేసేవారిని, మేళగాండ్లను, కారు డ్రైవర్లను ఆ జాబితాలో ముందే రాయండి. అందరూ మరచిపోయేది వీళ్లనే.

రెండవది, రోజు, వేళ చూసుకోండి. మనకు ముహూర్తాల పట్టింపు లేదు. అందరి పెండ్లిండ్లూ ఉన్న రోజున వంటవాడు, షామియానా, పాత్రలు, అన్నిటికీ బాడుగ ఎక్కువే. పుష్యమాసంలో సాధారణంగా ముహూర్తాలు ఉండవు. క్రిస్మసు దాటిన ఆ జనవరి రోజుల్లో ఎండ తక్కువ, బుడ్డలు అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది, వంటవాళ్లు ఖాళీగా దొరుకుతారు. మనమేమో శ్రమల కాలం వెళ్లనిచ్చి, ఈస్టరు దాటాక, 42 డిగ్రీల ఎండలో పెండ్లి పెట్టుకుంటాం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సాధారణంగా ఉదయం 6 నుండి సాయంత్రం 7 గంటల లోపు ఏ వేళనైనా వివాహం జరిపించవచ్చు. ఉదయం 8 గంటలకు జరిపిస్తే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఒక తీపి, టీ చాలు. బొరుగుల ఖర్చు ఎంత? కర్నూలు బిడ్డలలో ఉగ్గాని వద్దనేవాడెవడు? 10 గంటలకైతే మధ్యాహ్న భోజనం ఒక్కటే పెట్టండి. మళ్లీ రాత్రికి రిసెప్షను అంటే రెండో పెండ్లి ఖర్చన్నమాటే.

మూడవది, కూర ఒకటే, కానీ కడుపు నిండా. 200 మందికి బియ్యం 30 కిలోలు. పలావుకు బదులు తెల్లన్నం. కోడి మాంసం 25 కిలోలు, అంటే కిలో ఎనిమిది మందికి. పొట్టేలు మాంసం ధర దానికి మూడు నాలుగింతలు గనుక దాని జోలికి పోవద్దు. గోంగూర పప్పుకు కందిపప్పు 8 కిలోలు. కేసరికి రవ్వ 5 కిలోలు. గడ్డపెరుగు 15 లీటర్లు తీసుకొని రెండింతల నీళ్లు పోసి చిలికితే మనిషికొక గ్లాసు మజ్జిగ వస్తుంది. చారు, ఊరగాయ ఉండనే ఉన్నాయి. ఎండాకాలమైతే తాగేనీళ్లు 20 లీటర్ల క్యాన్లు 20 పెట్టుకోండి. మాంసం తక్కువైతే ఎవరూ పడిపోరు, నీళ్లు తక్కువైతే పడిపోతారు.

కొందరు సంగటి పెడితే చిన్నతనం అనుకుంటారు. పట్నం హోటళ్లలో రాగిసంగటి, నాటుకోడి పులుసు అని బోర్డు పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. మన ఇంటి సంగటి, ఊరిబిండి మన పెండ్లిలో వడ్డించడానికి మనకే సిగ్గా?

నాల్గవది, బియ్యమంతా ఒకేసారి పొయ్యి మీద వేయవద్దు. 22 కిలోలు ముందు వండండి. రెండో బంతి కూర్చున్నాక జనాన్ని చూసి మిగిలినది రెండో వాయిగా వేయండి. వండకుండా మిగిలిన బియ్యం ఇంటికి వస్తుంది, వండి మిగిలినది పారబోయాలి. కూర రాత్రే వండి మూతపెట్టవద్దు. ఎండాకాలంలో వండిన మాంసం పొయ్యి దించి గంటకు మించి ఉంచడం ప్రమాదం. అలా పాడైన కూర తిని పెండ్లివారే ఆసుపత్రి పాలైన సంగతులు ప్రతి వేసవిలో వింటూనే ఉన్నాం.

ఐదవది, ఇదే ముఖ్యమైనది. బంతికి 50 మంది చొప్పున నాలుగు బంతులు అనుకుందాం. కూర పొయ్యి దిగగానే నాలుగు పాత్రలలోకి సమానంగా పంచండి. కడబంతి పాత్ర మొదట నింపి, మూతపెట్టి, సన్నని నిప్పుల మీద వేడిగా ఉంచండి. దాని దగ్గర నమ్మకమైన మనిషిని, వీలైతే ఒక పెద్ద అమ్మను, నిలబెట్టండి. మేనమామ వచ్చి అడిగినా ఆ మూత తీయకూడదు. వడ్డించే పిల్లలకు ముందే చెప్పండి: అందరికీ అదే గంటె, అదే కొలత. మారు అడిగినవారికి పప్పు, చారు ధారాళంగా పోయవచ్చు.

కాంట్రాక్టు ప్లేటు లెక్కలో మీరు కట్టేది కూలికి, లాభానికి కూడా. సంఘ స్త్రీలు ముందు రోజు సాయంత్రం కూర్చొని ఉల్లిగడ్డలు, వెల్లుల్లి ఒలిచి పెడితే ఒక్క వంటమాస్టరు, ఇద్దరు సహాయకులు చాలు. దగ్గరి బంధువులకు ఒక మాట చెప్పండి: స్టీలు బిందె చదివించే బదులు పెండ్లికి వారం ముందు ఒక బియ్యం మూటో, నూనె డబ్బానో పంపమనండి. అటకమీద వరుసగా బోర్లించిన బిందెలు ఏ ఇంటి అప్పూ తీర్చలేదు.

కానా ఊరి పెండ్లిని తలంచుకోండి. అక్కడ కూడా విందు మధ్యలో తక్కువ పడింది. మరియమ్మ ఆ సంగతి నలుగురిలో చాటలేదు, కుమారునికి మాత్రం చెప్పింది. ఆరు రాతిబానలలో నీళ్లు నింపిన పరిచారకులకే జరిగినది తెలుసు, విందు ప్రధానికి కూడా తెలియదు. ప్రభువు ఆ ఇంటివారి సిగ్గును అలా కప్పాడు. పెండ్లివారింట ఏది తక్కువైందో వెదకి చెప్పుకొనే అతిథులారా, ఈ మాట మనకు కూడా. "ముక్కలు పడలేదు" అని బస్సెక్కి అన్న ఒక్క మాట ఇంకొక తండ్రిని వడ్డీ వ్యాపారి ఇంటికి పంపుతుంది.

ఆ తండ్రి కాగితం వెనుక పక్క కొత్త చీటీ రాసుకొని వెళ్లాడు. అప్పు తేలేదు. పెండ్లినాడు నేను ఆశీర్వాదం చెప్పి, మొదటి బంతిలో కూర్చోమని పిలిచినా కూర్చోలేదు. నాలుగో బంతి దాకా ఆగాను. నా పక్కన నీళ్లు మోసిన పిల్లవాడు కూర్చున్నాడు. మూత తీసిన కూర వేడిగా ఆవిరి చిమ్ముతోంది. వాడి విస్తట్లో ముక్కలు పడ్డాయి, నా విస్తట్లోనూ పడ్డాయి. పెండ్లికూతురి తండ్రి చివర నిలబడి మా బంతిని చూస్తున్నాడు. మా నాయన ఉండి ఉంటే చూడవలసిన బంతి అది.

మీ ఇంట పెండ్లి ఉన్నట్లయితే చీటీ రాసే ముందు కడబంతిలో కూర్చునేవారి పేర్లు మొదట రాయండి. ఆ తరువాతనే వంటకాల పేర్లు. ప్రభువు మీ గృహములను, మీ పొయ్యిని, మీ విస్తరిని దీవించును గాక. చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకొందము.