ఒక్కరోజు షికారు

మధిరలో పొద్దున్నే రైలెక్కి, హైదరాబాదులో పిల్లల్ని ఒక పూట తోటలో ఆడించి, రాత్రికి ఇల్లు చేరాలి. ఇంతే కదా అనుకున్నాను. కాగితం, పెన్సిలు పుచ్చుకు కూర్చున్నాకగాని అందులో చిక్కులు తెలిసిరాలేదు.

మొదట నేను రాసిన జాబితా ఇది: జూ, చార్మినారు, బిర్లా మందిరం, హుస్సేన్‌సాగరులో బుద్ధుడు, ఆఖరున తోట. మా ఆవిడ చూసి, "ఇది పిల్లల షికారా, కలెక్టరుగారి క్యాంపా?" అంది. చిన్నవాడు మాత్రం ఒక్కటే అడిగాడు, జారుడుబల్ల ఉంటుందా అని.

శాతవాహన ఎక్స్‌ప్రెస్ వరంగల్లు చుట్టి సికింద్రాబాదు చేరేసరికి దగ్గర దగ్గర అయిదు గంటలు. సాయంత్రం తిరుగుబండిలో మళ్ళీ అయిదు. నడుమ మిగిలేవి నాలుగు. అందులో ఆటోల రాకపోకలకు ఒక గంట తీసెయ్యండి. మూడు గంటల్లో 380 ఎకరాల జూ ఏం చూస్తాం? 1963 నుంచీ ఉన్న జూ, ఇంకోసారి వెళ్ళినా ఉంటుంది.

కొట్టివేతలన్నీ అయ్యాక నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఒక్కటి మిగిలింది. పాతవాళ్ళు బాగే ఆమ్ అనేవారు, అందరి తోట అని. పెద్ద చెట్లు, నీడ. జవహర్ బాలభవన్ అందులోనే. ఎండ ముదిరితే తోటలోనే మ్యూజియం ఉంది. ఆరో నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనితెచ్చిన ఈజిప్టు మమ్మీ, రెండువేల ఏళ్ళు దాటిన ఆడపిల్ల, అక్కడే ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి దసరా సెలవుల్లో ఒక బుధవారం చూశాను.

పులిహోర, దధ్యోదనం. అన్నంలో పాలు పోసి కాస్త తోడు వేస్తే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. అంతా కుదిరిందనుకుంటుండగా అమ్మ అంది: "మీరు వెళ్ళిరండి నాయనా. ఈ మోకాళ్ళతో నేనొస్తే పిల్లల సరదా పాడవుతుంది. ఇల్లు కనిపెట్టుకుని ఉంటాను."

కిందటిసారి ఖమ్మం లకారం చెరువుకు వెళ్ళినప్పుడూ ఇదే మాట. నేను సరేనన్నాను. రాత్రి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉంది, అన్నం తినకుండా. చిన్నవాడి చేత పడవ సంగతి మూడుసార్లు చెప్పించుకుంది.

ఈసారి కాగితం తిరగేసి మళ్ళీ రాశాను. ముందు అమ్మ కూర్చునే చెట్టు, పిల్లలు కనిపించేంత దగ్గరలో. తరువాత మంచినీళ్ళు, మరుగుదొడ్డి. ఆటలు ఆ చుట్టుపట్లే. రమ్మని బతిమాలితే రాదు. అందుకని, "సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండొద్దా అమ్మా?" అన్నాను.

ఆమె కాసేపు పలకలేదు.

"ఆ మమ్మీ అంటే ఏమిటిరా?"

చెప్పాను.

"శవాన్ని చూడటానికి అంత దూరమా! ఇంటికొచ్చి స్నానం చెయ్యాలి" అని, కోడలివైపు తిరిగి, "నీళ్ళు కాచుకునేందుకు పొయ్యి సిద్ధం చేసి మరీ బయలుదేరుదాం" అంది.