ఇల్లు శుభ్రం, మరి వీధి?

వానాకాలం వచ్చిందంటే మా ఆసుపత్రిలో జ్వరాల వార్డు నిండిపోతుంది. వచ్చినవారికి సెలైన్ పెడతాం, మందులిస్తాం. కాని వారు తిరిగి వెళ్ళే ఇంటి పక్కన కొబ్బరి బొండాలు, టీ కప్పులు, పాత టైర్లు అలాగే పడి ఉంటే మా వైద్యం సగమే. డెంగీని వ్యాపింపజేసే దోమ ఎక్కువగా ఇలాంటి వాటిలో నిలిచిన కొద్దిపాటి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు.

చెత్తను గోడ అవతల పోసి ఇల్లు శుభ్రమైందనుకుంటాం. చెత్త పోలేదు, చోటు మారిందంతే. కొందరు కుప్ప చేసి తగులబెడతారు. అది మరీ ప్రమాదం. ప్లాస్టిక్ కాలిన పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. ఆయాసం ఉన్న తాతయ్యకు, ఉయ్యాలలోని బిడ్డకు తగిలేది ఆ పొగే.

చెత్తను ఎక్కడ వేయాలని అందరూ అడుగుతారు. ఇంట్లోకి ఎంత వస్తోందని ముందు అడగాలంటాం మేము. మన పెద్దలు సంచి లేకుండా సంతకు వెళ్ళేవారు కాదు. నూనెకు సీసా, పాలకు గిన్నె పట్టుకెళ్ళేవారు. 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుండి దేశమంతటా నిషేధించారు. అయినా కూరగాయల బండి దగ్గర మనం చెయ్యి చాపుతున్నది వాటికే. తలుపు వెనుక మేకుకు ఒక గుడ్డ సంచి తగిలించండి. బయటికి వెళ్ళేటప్పుడు అదే గుర్తుచేస్తుంది.

ఇంట్లో రెండు బుట్టలు పెట్టండి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ఒకదానిలో, కాగితం, ప్లాస్టిక్, సీసాలు మరొకదానిలో వేయండి. పెరడు ఉంటే తొక్కలను గోతిలో వేసి, పైన ఎండుటాకులు, మట్టి కప్పితే కొన్ని నెలల్లో కరివేపాకు చెట్టుకు ఎరువవుతుంది. పొడి చెత్తను పాత సామాన్ల వాళ్ళు కొంటారు.

షుగరు రోగులకు ఒక ప్రత్యేక మనవి. ఇన్సులిన్ సూదులను చెత్తలో విడిగా పడేయకండి. మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఎక్కడ అప్పగించాలో మీ నర్సును అడగండి. చెత్త ఏరే తల్లి చేతికి గుచ్చుకునే సూది ఆమెకు కామెర్ల జబ్బు తేవచ్చు.

అంతా మన చేతుల్లోనే ఉందని మేము అనడం లేదు. బండి రాని వీధులున్నాయి. అందుకు పంచాయతీని, మునిసిపాలిటీని గట్టిగా అడగాల్సిందే. కాని అన్నీ కలిపేసిన చెత్త బండి ఎక్కినా చివరకు ఊరి బయట గుట్టగానే మిగులుతుంది.

చివరగా ఒక మాట. సంఘంలో ప్రేమవిందు జరిగిన మర్నాడు ఆవరణ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. వచ్చే విందుకు ఎవరి పళ్ళెం, ఎవరి గ్లాసు వారే ఇంటి నుండి తెచ్చుకుందామా? కడగడానికి పది నిమిషాలు పడుతుంది. మరుసటి వారం ఆ ఆవరణలో ఆడుకునేది మన పిల్లలే.