గల్ఫ్ సొమ్ము – బిడ్డల చదువు

1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలలో పనులు పెరిగాయి. హైదరాబాదు పాతబస్తీ, కడప, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుండి మనవాళ్లు వేల సంఖ్యలో వెళ్లారు. ఒకప్పుడు డ్రాఫ్టు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఆ సొమ్ముతో అప్పులు తీరాయి, ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. మన పిల్లలు ఇంగ్లీషు మీడియం బడులలో చేరారు. ఈ మేలును కాదనలేం.

అయితే బడిలో చేర్పించడం వేరు, చదివించడం వేరు. చాలా ఇళ్లలో తొలి సంపాదన వీసా కోసం చేసిన అప్పుకే పోతుంది. ఆ రోజుల్లోనే పిల్లల ఫీజు బాకీ పడుతుంది. తండ్రి ఇంట లేనందున బజారు, బ్యాంకు పనులన్నీ పెద్దపిల్లవాడి నెత్తిన పడతాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వాడి ధ్యాస పాస్‌పోర్టు మీదికి మళ్లుతుంది. "అబ్బా చదవకుండానే సంపాదించడం లేదా?" అని అడుగుతాడు. ఇక కడప జిల్లాలో తల్లే ఇంటిపనికి కువైట్ వెళ్లిన కుటుంబాలున్నాయి. అక్కడ తమ్ముళ్లను చూసుకునే భారం ఆడపిల్ల మీద పడితే ముందుగా ఆగేది ఆమె చదువే.

ఆ కుర్రవాడి ప్రశ్నకు మన దగ్గర జవాబుంది. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లాలంటే సాధారణంగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పాసైనవారికి ఆ తిప్పలు లేవు. అంటే గల్ఫ్‌కే వెళ్లదలచినా చదువు కావాలి. పైగా ఆ సంపాదన శాశ్వతం కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులు అన్నీ వదులుకుని తిరిగివచ్చారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మరెందరో ఉపాధి పోగొట్టుకుని ఇల్లు చేరారు. అలాంటి రోజున చేతిలో మిగిలేది బిడ్డ చదువుకున్న చదువే.

కనుక సొమ్ము అందగానే ముందు ఫీజు పక్కన పెడదాం. పెళ్లి ఆడంబరాలు, ఇంటి రెండో అంతస్తు తర్వాత చూసుకోవచ్చు. పరాయి దేశంలో ఉన్న తండ్రులు ఫోనులో "డబ్బు అందిందా?" అని అడగడంతో సరిపెట్టుకోకుండా "ఈ వారం ఏ పాఠం చదివావు బేటా?" అని కూడా అడగాలి. గల్ఫ్ కుటుంబాల పిల్లలు బడికి వెళుతున్నారో లేదో మహల్లాలోని పెద్దలు ఆరా తీయాలి. ఎండలో ఒళ్లు వంచి తండ్రి పంపిన డబ్బు కొడుకును కూడా అదే ఎండలోకి పంపితే మనం సాధించిందేమిటి?