కచేరీలు ఎవరికొరకు?

రానున్న పుష్య బహుళ పంచమికి హైదరాబాదు సభలు త్యాగరాజ ఆరాధనకు సిద్ధపడును. 1961లో విశ్వకవి శతజయంతికి వెలసిన రవీంద్రభారతిలో కర్ణాటక గానమునకు, హిందూస్థానీ ఖయాలుకు, కూచిపూడికి, ఒగ్గుకథకు గూడ వేదిక యొక్కటియే. ఈ వైవిధ్యము మాకు సంతోషకరము. కాని వినువా రెవ్వరు? పటాన్‌చెరు చేరువ సుల్తాన్‌పూరులో వైద్యపరికరముల పార్కు వెలసినది. అచ్చట సాయంకాలము షిఫ్టు దిగిన కార్మికుడు సైఫాబాదు చేరునప్పటికి మంగళము పాడియుందురు. ఒగ్గుకథ పుట్టినది పల్లె ముంగిట. దానిని వినుటకు పల్లెవాడు నగరమునకు పోవలసివచ్చుట వింత గాదా? రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖవారు ఏటికి నాలుగు కచేరీలనైన ఆదివారము పగటిపూట సుల్తాన్‌పూరునకు పంపవలయును. భవన మక్కరలేదు, పందిరి చాలును. వ్యయములో కొంతపాలు పరిశ్రమాధిపతులు భరింపవలసినదే.